గేటక్క చూడని ఆఖరి సీను

ఆ సినిమా హాల్లో అందరూ ఆమెను గేటక్క అనేవారు. టికెట్లు చింపడం, ఆట ముగిసేలోగా తలుపులు బార్లా తెరవడం ఆమె పని. ఆ పాత ప్రేమ సినిమా ఏటా అక్కడ ఆడేది. హీరోయిన్ను వదిలి హీరో రైలెక్కగానే గేటక్క లేచేది. తలుపులన్నీ తీసేసరికి జనం కళ్లు తుడుచుకుంటూ మీద పడేవారు. మిగతా కథ ఆమె ఎవర్నీ అడగలేదు. రైలెక్కినవాడు వెళ్లిపోక ఏం చేస్తాడు?

పైన మెషిన్ గదిలో ఆపరేటరు ఉండేవాడు. ఆయన నోట్లో నువ్వుగింజేమిటి, బండరాయైనా నానుతుంది. కిందటేడు గేటక్కే తెగించి, "మన సంగతి ఏం చేద్దామండీ?" అని అడిగింది. ఆయన చెవులదాకా ఎర్రబడి, "మన సినిమా ఆఖర్లో హీరో ఏం చేశాడో, నేనూ అదే" అని పైకి పారిపోయాడు. వదిలి వెళ్లిపోతానన్నాడనే అనుకుంది గేటక్క. ఆనాటి నుంచి పనిమాట తప్ప ఆయనతో మాట్లాడలేదు. వద్దన్నవాడు ఆయనైతే, మొహం వేలాడేసుకుని తిరిగిందీ ఆయనే. అదేం విడ్డూరమో ఆమెకు అంతుపట్టలేదు.

ఇవాళ్టితో ఆమె ఉద్యోగం సరి. అక్క ఊళ్లో బట్టల కొట్లో పని కుదిరింది, సాయంత్రమే బస్సు. పెట్టె టికెట్ల గదిలో సిద్ధంగా ఉంది. మ్యాట్నీకి అదే సినిమా.

"ఈ ఒక్కసారికి తలుపులు నేను చూసుకుంటాను, నువ్వు కూర్చోమ్మా" అన్నాడు మేనేజరు.

కూర్చుంది. తెరమీద రైలు కదిలింది. అలవాటుకొద్దీ లేవబోయి మళ్లీ కూలబడింది. పొగ తగ్గాక చూస్తే, పట్టాలకు అవతల హీరో! రైల్లోంచి దూకి, చొక్కా చిరిగి, పెట్టె పట్టుకుని కుంటుకుంటూ వస్తున్నాడు. "పద, ఇంటికి పోదాం" అన్నాడు. హాలంతా వెక్కిళ్లు. ఇన్నేళ్లూ వీళ్లు ఏడ్చింది సంతోషంతోనా అనుకుంది గేటక్క, గబగబా మెట్లెక్కుతూ.

ఆపరేటరు మెషిను ఆపుతున్నాడు.

"రైలు దిగిపోయాడుగా" అంది ఆయాసపడుతూ.

"ఎవరు?"

"మీ హీరో. నాకు చెప్పరేం?"

"ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నారు, మీకు తెలియదా?"

"నేను సినిమా చూస్తూ కూర్చుంటే తలుపులు మా తాత తీస్తాడా?"

ఆయన స్టూలు మీద చతికిలబడ్డాడు. "మీకు ఇష్టం లేక మాట్లాడ్డం మానేశారనుకున్నాను."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పోయిన ఏడాదిని తలుచుకుంటే ఒళ్లు మండింది కూడా.

"ఈసారి హీరోని మధ్యలోకి లాగకుండా చెప్పండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "వెళ్లొద్దు. మనం పెళ్లి చేసుకుందాం."

కింద జనం తలుపులు దబదబా బాదుతున్నారు. మేనేజరు కుర్చీలోనే కళ్లొత్తుకుంటూ ఒళ్లు మరిచిపోయాడు.

"ఉండండి, తలుపులు తీసి వస్తాను" అని రెండు మెట్లు దిగి, గేటక్క వెనక్కి తిరిగింది. "నా పెట్టె బరువుగా ఉంది. మీరే మోయాలి, ఇంటిదాకా."