మింటన్ పీపా

నాలుగు క్వార్టర్ల ఆటలో మూడోది ముగిసేసరికి బరాంబుల్-మింటన్ జట్టు ఇరవై పాయింట్లు ముందుంది. ఆటగాళ్ళు చాలక రెండు ఊళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బులూ ఒకటైన దగ్గర్నుంచీ ఆ జట్టు ఒక్క ఆటా గెలిచి ఎరగదు. ఆ ధైర్యంతోనే మింటన్ పబ్బు యజమాని, గెలిచిన రోజున తమ ఊరి బీరు ఒక పీపా ఉచితమని మాటిచ్చి నిశ్చింతగా ఉన్నాడు. పాపం, ఆ పీపా ఇప్పుడు దొర్లుకుంటూ వచ్చి క్లబ్బు బారులో నోలీన్ కాళ్ళ దగ్గర ఆగింది.

నోలీన్ బరాంబుల్ మనిషి. బారు ఆమె చేతికి వచ్చిననాడే మింటన్ వాళ్ళు మూతులు ముడిచారు. ఆమె పీపాకి బీరు గొట్టం తగిలించే కప్లర్ తీసి పీపా మూతిమీద పెట్టి తిప్పింది. అది కూర్చోలేదు. గట్టిగా తిప్పింది. ఊహూఁ. బరాంబుల్ బీరు పీపాకి కప్లర్ పైనుంచి దించి తిప్పి బిగించాలి. మింటన్ బీరు వేరే కంపెనీది; దానికి కప్లర్ పక్కనుంచి సొరుగులా జారి కూర్చుంటుంది.

"గెలిచిన రోజున వాళ్ళ బీరు పొయ్యకపోతే ఏమంటారో తెలుసుగా?" అంది చిప్స్ వేయిస్తున్న ఆడపడుచు గ్లెనిస్.

"బరాంబుల్‌ది కావాలనే చేసిందంటారు."

"సోమవారం మీటింగులో విడిపోదామంటారు. అప్పుడు మనకీ జట్టుండదు, వాళ్ళకీ ఉండదు. శనివారాలు మీ ఆయన ఇంట్లోనే ఉంటాడు. ఆలోచించుకో."

నోలీన్ గోడవారనున్న అద్దాల బీరువావైపు చూసింది.

మింటన్ క్లబ్బు మూసేసిననాడు వాళ్ళు తమ కప్లర్‌ని తళతళా తుడిచి, గెలిచిన కప్పుల మధ్య అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. బీరువా ఇప్పుడు ఈ హాల్లోనే ఉంది. తాళంచెవి మాత్రం మింటన్ ఆఖరి అధ్యక్షుడు మెర్విన్ జేబులో ఉంది. ఈ క్లబ్బులో కాలు పెట్టనని ఆయన ఒట్టు. ఒట్టూ తప్పలేదు, ఒక్క ఆటా వదల్లేదు. మైదానం కంచెకి మూతి ఆనించి నిలిపిన ట్రక్కులో కూర్చుని, గోలు పడ్డప్పుడల్లా హారన్ మోగిస్తాడు.

నోలీన్ ఏప్రన్‌తోనే పరుగెత్తింది.

"మెర్వ్, బీరువా తాళంచెవి ఇవ్వు. మీ పీపాకి మా కప్లర్ పట్టడంలేదు."

"ఇన్నాళ్ళకి తెలిసిందా?" ఆయన ఆటమీంచి కళ్ళు తిప్పలేదు. "తాళంచెవి ఇవ్వను. అందులో మా కప్పులున్నాయి."

"అయితే నువ్వే వచ్చి తియ్యి."

"రాను."

"హాల్లోకి రావద్దులే మహానుభావా. బీరువానే వెనక సామాన్ల గదిలోకి తోస్తాం. పెరటి తలుపులోంచి వచ్చి తెరిచి పో. నిన్నెవరూ చూడరు."

మెర్విన్ ఆలోచించాడు. అంతలో గోలు పడింది. మోచేత్తో హారన్ నొక్కి, "అందులో వాషర్ ఎండిపోయుంటుంది. గ్యాసంతా కారిపోతుంది," అన్నాడు.

నోలీన్ మొహం వాడిపోయింది. ఆయన స్టీరింగు పక్క అర తెరిచి, కొత్త రబ్బరు వాషర్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది ఎప్పట్నుంచి పెట్టుకున్నావు?"

"ఆట చూడనివ్వవా?"

వదినా ఆడపడుచులిద్దరూ బీరువాకి భుజాలానించి తోశారు. లోపల కప్పులు గణగణ మోగాయి. సగం దూరం బాగానే పోయింది. తర్వాత గది తలుపులో ఇరుక్కుంది. ముందుకి పోదు, వెనక్కి రాదు. అద్దాలు హాలువైపు, చెక్క వీపు గదివైపు. ఆ గదిలోంచి మెర్విన్ గొంతు వినిపించింది.

"ఏవమ్మా, చెక్కకి తాళం ఎక్కడుంటుంది?"

గ్లెనిస్ నేలమీద కూలబడి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. నోలీన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడే ఆఖరి సైరన్ మోగింది; జట్టు గెలిచింది. మెర్విన్ తిట్టుకుంటూ ముందు తలుపుకి చుట్టు తిరిగి వచ్చేసరికి రెండు ఊళ్ళ జనమూ ఒక్కుమ్మడిగా విరుచుకుపడ్డారు. బురద కాళ్ళ కుర్రాళ్ళు ఆయన్ని అమాంతం ఎత్తి లోపలికి మోసుకొచ్చారు. బీరువా ముందు దింపితే, తాళం తీయక ఏం చేస్తాడు!

నోలీన్ వాషర్ మార్చి, కప్లర్‌ని పీపామీదకి తోసింది.

"అయ్యో, తిరగేసి పెడుతున్నావు! ఇటివ్వు." మెర్విన్ బారు లోపలికి దూరాడు. పక్కనుంచి జరిపాడు, గ్యాస్ తిప్పాడు, పిడి నొక్కాడు. దొర్లివచ్చిన పీపా కదా, కుళాయి తిప్పగానే నురుగు బుస్సుమని ఆయన టోపీదాకా లేచింది. హాలంతా గొల్లున నవ్వింది.

"గ్లాసు వంచి పట్టు!" అని అరిచాడు మెర్విన్.

"నా బారులో నాకే పాఠాలా?" అంది నోలీన్, వంచి పడుతూనే.

మొదటి గ్లాసు బరాంబుల్ ముసలాయనొకడు లాక్కుని గటగటా తాగాడు. "గొర్రెల్ని కడగడానికి పనికొస్తుంది," అని మళ్ళీ గ్లాసు చాపాడు. మింటన్ వాళ్ళు అందరికంటే గట్టిగా నవ్వారు.

గ్లాసుమీద గ్లాసు నింపుతూనే మెర్విన్ తలుపువైపు చూశాడు. "ఆ బీరువా ఊడాలంటే ద్వారబంధం విప్పాలి. సోమవారం గునపం తెస్తాను."

"సోమవారం మీటింగుంది."

"మీ మీటింగుతో నాకేం పని? నేను బీరువా కోసం వస్తున్నాను," అని ఆయన నురుగు కారుతున్న చెయ్యి తుడుచుకోకుండానే నింపడానికి ఇంకో గ్లాసు అందుకున్నాడు.