సివంగి మెడలో కట్టిన బెల్టు

నేను ఒక బెల్టును. కుక్క మెడలో కట్టేదాన్ని. కాకపోతే నా లోపల అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి ఉంటుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల సాయంతో నేను భూమ్మీద ఎక్కడున్నానో అది తెలుసుకుంటుంది. దాని పక్కనే ఉన్న సిమ్ కార్డు ఆ సంగతిని యజమాని ఫోనుకు చేరవేస్తుంది. మొదటి పనికి నెత్తిన ఆకాశం ఉంటే చాలు. రెండో పనికి దగ్గర్లో సెల్ టవర్ ఉండాలి. ఈ తేడా నన్ను తయారుచేసిన వాళ్లకు తెలుసు. అట్టపెట్టె అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో రాశారు కూడా.

ఏదో నగరం శివార్లలోని ఫ్యాక్టరీలో పుట్టాను. ఒకమ్మాయి నన్ను కిటికీలో పెట్టి, పనిచేస్తున్నానని చూసుకుని పెట్టెలో మూసేసింది. మళ్లీ వెలుతురు చూసింది నంద్యాలలో, పశువుల ఆసుపత్రికి ఎదురుగా షమీమ్ నడిపే దుకాణంలో.

మద్దిలేటి అక్కడికి ఆటోలో వచ్చాడు, కుక్కను వెంటబెట్టుకుని. నల్లమల అంచున మొక్కజొన్న వేసే రైతు. ముందు పెంచిన కుక్క ఒకరోజు అడవిపందుల వెంటబడి పోయి మళ్లీ రాలేదట. ఎముక కూడా దొరకలేదట. ఇప్పుడున్న కుక్క పేరు సివంగి. పొడుగు కాళ్లు, పిడికెడు నడుము. అతని తాతల కాలంలో వేటకు పెంచిన జాతి. ఈ రోజుల్లో వేట నేరం కాబట్టి, చేలో పడిన పందులను తరిమి రావడమే దాని పని.

షమీమ్ రెండు బెల్టులు బల్ల మీద పెట్టింది. ఒకటి నేను. రెండోది నాకు మూడింతల బరువు, వీపున జానెడు యాంటెన్నా. దానికి సిమ్ అక్కర్లేదు. యజమాని చేతిలో ఉండే రేడియో పెట్టెతో నేరుగా మాట్లాడుతుంది.

"అన్నా, మీ అడవిలో సిగ్నల్ ఉంటాదా?" అని అడిగింది షమీమ్.

"చేని గట్టు మీద నిలబడి అందరితో మాట్లాడ్తాండా కదమ్మా."

"గట్టు మీద సరే. లోపల?"

మద్దిలేటి బరువు బెల్టు తీసి సివంగికి కట్టాడు. అది తల వాల్చేసి, వెనక కాలితో మెడను గోక్కోవడం మొదలుపెట్టింది. వెంటనే విప్పేశాడు.

"వద్దులేమ్మా. మెడ ఒరుసుకపోతాది. ఇంత బరువు కడితే అది పరిగెత్తేదెట్ల?"

తర్వాత నన్ను కట్టాడు. సివంగి ఒకసారి ఒళ్లు విదిలించుకుని నన్ను మరిచిపోయింది. మద్దిలేటి ముఖం విప్పారింది. అలా ప్రేమకొద్దీ నన్ను ఎంచుకున్నాడు. నా కథలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఉండి ఉంటే చెప్పడం తేలికయ్యేది.

ఇంట్లో మొదటి వారమంతా అతనికీ భార్య సుంకమ్మకూ నేనే వినోదం. సివంగి వీధి చివరికి పోతే ఫోనులో ఎర్ర చుక్క వీధి చివరికి పోయేది. "మొగుడు యాడుండాడో తెలిసేది ల్యా గానీ, కుక్క యాడుండాదో తెలిసిపాయ" అని నవ్వేది సుంకమ్మ.

నేను రాకముందు మద్దిలేటికి ఒక కట్టుబాటు ఉండేది. పందులు వాగు దాటగానే నోట్లో వేళ్లు పెట్టి ఈల వేసేవాడు. సివంగి ఎంత ఊపులో ఉన్నా వెనక్కి తిరిగేది. నేను వచ్చాక ఆ ఈల పలచబడింది. చుక్క కనిపిస్తూనే ఉంది కదా అని, తరమనీలే అనుకునేవాడు. అది వాగు దాటడం మొదలైంది. తర్వాత గుట్ట దాకా పోయి రావడం అలవాటైంది. ప్రతిసారీ క్షేమంగా తిరిగొచ్చేది. నామీద నమ్మకం అలాగే పెరిగింది.

భాద్రపదంలో ఒక ఉదయం, ఇంకా మసక విడవకముందే, ఒక మగపంది చేలోంచి లేచింది. సివంగి దాని వెంట వాగు దాటింది. గుట్ట ఎక్కింది. ఈల వినిపించలేదు. గుట్ట మీద నుంచి నేను ఆఖరి కబురు పంపాను. అవతలి లోయలోకి దిగగానే టవర్‌తో నా మాట తెగిపోయింది.

లోయలో పంది ఎదురు తిరిగింది. దాని కోర సివంగి పక్కటెముకల కింద దిగింది. కుక్క కుంటుకుంటూ ఒక బండచాటుకు చేరి పడుకుంది. నాకు ఆ చోటు నాలుగడుగుల తేడా లేకుండా తెలుసు. పది నిమిషాలకోసారి రాసుకున్నాను. పంపబోయాను, పోలేదు. మళ్లీ రాసుకున్నాను.

ఫోనులో చుక్క గుట్ట మీదే ఆగిపోయింది కాబట్టి, మద్దిలేటి రోజంతా గుట్ట మీదే వెతికాడు. ప్రతి పొదా కదిపాడు. మరునాడు పొద్దున మళ్లీ వచ్చాడు. ఈసారి సుంకమ్మ కూడా వచ్చింది.

"సివంగీ! యాడుండావే!" అని అతను పిలిచిన పిలుపు లోయలోకి స్పష్టంగా వినిపించింది. సివంగి తల ఎత్తింది. మొరగబోతే గొంతులో గాలి తప్ప ఏమీ రాలేదు. తోక రెండుసార్లు నేలకు కొట్టుకుంది. కాసేపటికి తల దించింది. నా కింద దాని గొంతు కొట్టుకోవడం ఆగిపోయింది.

మధ్యాహ్నం దాటాక కాకులు గుమిగూడడం చూసి మద్దిలేటి లోయలోకి దిగాడు. తువ్వాలు పరిచి సివంగిని అందులో చుట్టి భుజాన వేసుకున్నాడు. గుట్ట ఎక్కుతుండగా నాకు టవర్ అందింది. నేను యంత్రాన్ని, ఆగడం నాకు రాదు. దాచుకున్న కబుర్లన్నీ ఒక్కసారిగా వదిలాను. అతని చొక్కా జేబులో ఫోను మోగడం మొదలుపెట్టి ఆగలేదు. సివంగి ఇక్కడ ఉంది. సివంగి ఇక్కడ ఉంది. సివంగి ఇక్కడ ఉంది.

అతను తెర చూసి, భుజం మీది బరువుతోనే నేల మీద కూలబడ్డాడు. సుంకమ్మ ఫోను లాక్కుని ఆపేసింది.

వారం తర్వాత అతను నన్ను షమీమ్ దుకాణానికి తెచ్చాడు. నా బకిల్‌లో ఇరుక్కున్న వెంట్రుకలు అలాగే ఉన్నాయి.

"అన్నా, నేను ఆ రోజే అడిగినా..." అంది షమీమ్ బెరుగ్గా.

"అడిగినావమ్మా. నేనే వినల్యా. తగవుకు రాల్యా నేను. ఒక్కటి చూసి చెప్పు. అది ఎంతసేపు బతికిందో ఇందులో ఉంటాదా?"

షమీమ్ నన్ను కంప్యూటర్‌కు తగిలించింది. నేను మెడ కదలికలు కూడా రాసుకుంటాను. ఆఖరి కదలిక రెండో రోజు పొద్దున ఎనిమిదీ నలభైకి.

"మీరు ఎప్పుడెప్పుడు వెతికినారన్నా?"

"మొదటి దినమంతా. రెండో దినం తెల్లారి ఏడు నుంచి. గుట్ట మీద నిలబడి గొంతు పోయేదాకా పిలిచినా."

షమీమ్ తెరను తన వైపుకు తిప్పుకుంది.

"దెబ్బ తగిలిన గంటలోనే పోయిందన్నా. మీరు పిలిచేటప్పటికి దానికేమీ తెలీదు."

అతను తలూపాడు. కండువాతో ముఖం తుడుచుకుని, నన్ను అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. షమీమ్ ఆ రాతలన్నీ చెరిపేసి, పాడైన సామాన్లు వేసే అట్టపెట్టెలో నన్ను పడేసింది. ఆమె మాట అతను నమ్మాడో లేదో నాకు తెలియదు. నన్ను ఎవరూ మనిషి మెడలో కట్టలేదు.