పొట్ట: మామూలు

పెద్ద డాక్టరుగారు పరీక్ష చేస్తున్నంతసేపూ ఆ గదిలో ఎవరూ నోరు విప్పకూడదు. అది ఆ పశువుల ఆసుపత్రి చట్టం. కుక్కను పట్టుకొచ్చినవాడు ఎంతటి అధికారైనా సరే, చెప్పాల్సింది ముందే చెప్పేసి గోడవారగా నిలబడాల్సిందే. ఆయన కళ్లు మూసుకునేవాడు. చేతులు మెడ దగ్గర మొదలై, పక్కటెముకల మీదుగా, పొట్ట కిందికి మెల్లగా వెళ్లేవి. ఆ చేతులకు ఏం తెలిసిందన్నది ఆయనకూ పైవాడికీ తప్ప మూడోవాడికి తెలిసేది కాదు.

ఎత్తు స్టూలెక్కి కూర్చుని ఇదంతా నోరు తెరుచుకుని చూసిన ఎనిమిదేళ్ల కూతురికి ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు. ఆ ఆసుపత్రికి వచ్చేవాళ్లందరికీ ఆవిడ డాక్టరమ్మ. గది అదే, స్టీలు బల్ల అదే, ఎప్పుడో ఒక పొట్టేలు తన్నినప్పుడు బల్ల మూలన పడిన సొట్ట కూడా అదే. స్పిరిట్ వాసనా తడిసిన బొచ్చు వాసనా కలిసి ముక్కుకు తగిలితే చాలు, ఆవిడకు నాన్న గుర్తొస్తాడు. ఆయన పాఠం చెప్పిన పద్ధతి గుర్తొస్తుంది. పిల్ల చేతిని కుక్క పొట్ట మీద పెట్టి, దానిమీద తన చెయ్యి వేసి నెమ్మదిగా నొక్కేవాడు. లోపల ఏదో గుండ్రంగా జారేది. తెలిసిందా అన్నట్టు కనుబొమలు ఎగరేసేవాడు. పిల్ల తలూపేది. పాఠం అయిపోయింది! ఆ జారినదాన్ని మూత్రపిండం అంటారని పుస్తకంలో చదువుకోవడానికి ఆ పిల్లకు ఇంకో పదేళ్లు పట్టింది.

నాన్న పోయి పన్నెండేళ్లయింది. స్టెతస్కోపు గోడకు వేలాడుతోంది. అలవాటు మాత్రం గోడకెక్కలేదు, సరాసరి కూతురి ఒంట్లోకి దిగింది. డాక్టరమ్మ కూడా పరీక్ష చేసేటప్పుడు నోరు మెదపదు.

ఇలాంటి మనిషి బల్ల మీదకి, ఈ ఏడాది మొదట్లో, మేనకోడలు ఒక నల్లటి డబ్బా తెచ్చిపెట్టింది. మేనకోడలంటే అన్నగారి కూతురు, తనూ పశువుల డాక్టరే, రెండేళ్లుగా అత్తతోపాటు ఇక్కడే పనిచేస్తోంది. డబ్బా సబ్బుపెట్టె అంత ఉంటుంది.

"ఇందులో కృత్రిమ మేధ ఉందత్తా. గదిలో మనం మాట్లాడేదంతా విని కేసు షీటు అదే రాసేస్తుంది. నువ్వు చదివి సంతకం పెడితే చాలు."

"అంటే గుమాస్తా అన్నమాట," అంది డాక్టరమ్మ. ఆ పేరే ఖాయమైపోయింది.

నిజం చెప్పొద్దూ, గుమాస్తా పనిమంతుడే. బరువు చెబితే మందు మోతాదు లెక్కకట్టేవాడు. ఒక ముసలి కుక్కకు రెండు మందులు కలిపి ఇవ్వబోతుంటే, ఈ రెంటికీ పడదు, చూసుకోండని కంప్యూటరు తెర మీద ఎర్రగీత గీశాడు. జీతం అడగడు, సెలవు అడగడు, టీ అడగడు. ఒక్కటే గొడవ. మొదటిరోజు సాయంత్రం డాక్టరమ్మ కేసు షీట్లు తెరిచి చూస్తే ప్రతి షీటులోనూ ఒకటే పాట. గుండె: పరీక్షించలేదు. ఊపిరితిత్తులు: పరీక్షించలేదు. పొట్ట: పరీక్షించలేదు.

"పరీక్షించలేదా! ముప్పై రెండేళ్ల సర్వీసు నాది. వీడెవడే నాకు చెప్పడానికి?"

"నువ్వు పైకి చెప్పలేదుగా అత్తా. వాడికి చెవులే గానీ కళ్లు లేవు. చేత్తో చూసింది కాస్త నోటితో చెప్పు."

"గొడ్డును పట్టుకుని రేడియోలా వాగమంటావా? నేను చెప్పలేదంటే బాగున్నట్టే లెక్క. అలా రాయమను."

"వద్దత్తా, అది..."

"రాయమను అన్నానా!"

మేనకోడలు రెండు మూడుచోట్ల నొక్కి అలాగే మార్చింది. ఆ రోజునుంచి డాక్టరమ్మ చెప్పనిదంతా మామూలైపోయింది. షీట్లు నీటుగా, నిండుగా, చూడముచ్చటగా వచ్చేవి. మొదట్లో ఆవిడ ప్రతి వాక్యం చదివేది. తరవాత పైపైన చూసేది. రెండు నెలలకు చూడకుండానే సంతకం పెట్టడం మొదలుపెట్టింది.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం వీధి చివర టైలరు తన పిల్లిని ఎత్తుకొచ్చాడు. గుబురు తోక బూడిదరంగు పిల్లి. దానికాయన పెట్టిన పేరు ఓనరమ్మ. "షాపు ఆవిడదేనండీ, నేను అద్దెకుంటున్నాను," అంటాడు. భార్య పోయాక ఆ కుట్టుమిషను ముందు ఆయనకు తోడున్న ప్రాణం అదొక్కటే. ఆ సంగతి ఆయన చెప్పడు, వీధిలో అందరికీ తెలుసు.

"నిన్నట్నుంచి తిండి సరిగ్గా తినట్లేదమ్మా. రెండుసార్లు కక్కింది."

డాక్టరమ్మ కళ్లు మూసుకుంది. పొట్ట మధ్యలో, వేలికొసకు, గట్టిగా చిన్నది ఏదో తగిలింది. ఎండిన మలం కావచ్చు. ఇంకేదైనా కావచ్చు. పిల్లి హుషారుగానే ఉంది, అరుస్తోంది, గీరుతోంది. రెండు రోజులు చూసి, తగ్గకపోతే ఎక్స్‌రే తీద్దామనుకుంది. అనుకుంది అంతే. టైలరు ముఖం అప్పటికే నూలుపోగులా పాలిపోయి ఉంది. ఇంకా తేలని దాన్ని చెప్పి ఈ మనిషిని భయపెట్టడం ఎందుకని మందిచ్చి, "బుధవారం తీసుకురండి," అని పంపేసింది. సాయంత్రం సంతకమూ పెట్టేసింది.

బుధవారం డాక్టరమ్మ కళ్లజోడు మార్పించుకోవడానికి కంటి ఆసుపత్రికి వెళ్లింది. కళ్లలో చుక్కలు వేసి రోజంతా కూర్చోబెట్టారు. ఇక్కడ ఓనరమ్మను మేనకోడలు చూసింది. పొట్ట మీద చెయ్యి వెయ్యబోతే పిల్లి బుస్సుమని కొరికింది. సరేలే, అత్త మొన్ననే చూసిందిగా అని కేసు షీటు తెరిచింది. "పొట్ట: మామూలు." కింద అత్త సంతకం. వాంతులకు ఇంజెక్షనిచ్చి పంపింది.

గురువారం పొద్దున్నే, తలుపులు తీసీ తీయకముందే, టైలరు పరుగెత్తుకొచ్చాడు. చేతుల్లో, సగం కుట్టిన కోటు గుడ్డలో చుట్టి, ఓనరమ్మ. అరవడం లేదు, గీరడం లేదు. తల వేలాడేసింది.

"ఆ గడ్డ అలాగే ఉందా?" అంది డాక్టరమ్మ, చేతులు కడుక్కుంటూ.

"ఏ గడ్డ అత్తా?"

కుళాయి నీళ్లు చేతుల మీద పడుతూనే ఉన్నాయి. డాక్టరమ్మ వాటిని కట్టెయ్యడం మరిచిపోయింది.

ఏ గడ్డ? సరిగ్గా ఇలాంటి ప్రశ్నే, ఈ గదిలోనే, ముప్పై ఏళ్ల కిందట ఆవిడ అడిగింది. అప్పుడు మాట వేరు: "ఏ తీగ నాన్నా?" ఒక ముసలమ్మ ఆవు మేత మానేసింది. పెద్ద డాక్టరుగారు దాన్ని చేత్తో చూసి, రెండు రోజులు ఆగుదామని చెప్పి, పక్క ఊరికి పనిమీద వెళ్లాడు. కొత్తగా పట్టా పుచ్చుకున్న కూతురు కడుపుబ్బరమనుకుని దానికి మందు పట్టింది. మర్నాడు ఆవు చచ్చిపోయింది. గడ్డితోపాటు మింగిన ఇనుపతీగ గుండెదాకా వెళ్లింది. ముసలమ్మ ఆవు మెడ పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవిలో ఉంది. తిరిగొచ్చిన నాన్న "తీగ గుచ్చుకుందా?" అన్నాడు. ఏ తీగ అని కూతురు అడిగాక మెల్లగా చెప్పాడు, "తీగేమోనని నాకు అనుమానం వచ్చింది."

"చెప్పొచ్చు కదా నాన్నా?"

"తేలని అనుమానం బయటికి చెబితే ఎదుటివాళ్లు బెదిరిపోతారమ్మా."

అంతే. నెల రోజులు ఆవిడ నాన్నతో మాట్లాడలేదు. తరవాత మాట్లాడింది గానీ, ఆవు మాట ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. ఆయన పోయేదాకా ఎత్తలేదు. ఆయన మీద కోపం కడుపులోనే ఉంచుకుని, ఆయన చేసిన పనే తుచ తప్పకుండా చేసింది. డాక్టరమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పిల్లికి ఇంకా ఊపిరి ఉంది.

"సెలైన్ పెట్టు. మత్తుకు సిద్ధం చెయ్యి. ఆ డబ్బా కూడా ఆపరేషన్ గదిలోకి పట్టుకురా."

"డబ్బా ఎందుకత్తా?"

"మాట్లాడతాను."

టైలరు దగ్గరికి వెళ్లి ఆయన కళ్లలోకి చూసింది. "సోమవారమే నా చేతికి ఏదో తగిలింది. మీకు చెప్పలేదు, మా పిల్లకూ చెప్పలేదు. తప్పు నాది. ఇప్పుడు కొయ్యాలి. బతుకుతుందని మాటివ్వలేను."

టైలరు తిట్టలేదు. "మీ చేతుల్లో పెట్టానమ్మా," అని గోడవారగా వెళ్లి నిలబడ్డాడు. తిట్టి ఉంటేనే నయంగా ఉండేదనిపించింది డాక్టరమ్మకు.

ఆ గంటన్నర డాక్టరమ్మ నోరు మూయలేదు. ముప్పై రెండేళ్ల మాటలన్నీ కట్ట తెగినట్టు వచ్చాయి. మేనకోడలి చేతి మీద తన చెయ్యి వేసి, పేగు వెంబడి నడిపించింది. "ఇది చిన్నపేగు. ఇక్కడిదాకా మెత్తగా ఉంది చూడు. ఇదిగో, ఇక్కడ. గట్టిగా తగిలిందా? సోమవారం నాకు తగిలింది ఇదే. రంగు చూడు, కమిలింది గానీ చావలేదు. మా నాన్నయితే ఇక్కడ కళ్లు మూసుకునేవాడు. మీ తాతయ్య చేతులు ఎంత వెచ్చగా ఉండేవో నీకేం తెలుసు! కుక్కలు ఆ చెయ్యి పడగానే నిద్రపోయేవి. ఒక్క ముక్క పైకి చెప్పి ఉంటే ఎంత బాగుండేది. నేనూ అడగలేదు, నాకూ పొగరు. కత్తి ఇలా ఇవ్వు." మధ్యలో ఆవు సంగతీ చెప్పింది, నెల్లాళ్ల మౌనం సంగతీ చెప్పింది. మేనకోడలు ఒకచోట కళ్లు భుజానికి తుడుచుకుంది.

పేగులోంచి బయటికొచ్చింది ఒక గుండీ. నాలుగు బెజ్జాల కోటు గుండీ, వెంట బెత్తెడు దారం.

మధ్యాహ్నానికి ఓనరమ్మ కళ్లు తెరిచింది. సాయంత్రానికి, టైలరు వేలు కనబడగానే, నీరసంగానే అయినా ఒక గీరు గీరింది. ఆయన ఆ గీత చూసుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. తరవాత ముక్కు తుడుచుకుని, వంగి పిల్లి పొట్టను పరిశీలనగా చూశాడు.

"కుట్టు బాగుందమ్మా. కానీ కాస్త దూరం దూరంగా వేశారు. నా దగ్గరైతే విప్పించి మళ్లీ వేయించేవాణ్ణి."

అందరూ వెళ్లాక డాక్టరమ్మ కొత్త కళ్లజోడు పెట్టుకుని కేసు షీటు తెరిచింది. ఈసారి మొదటి అక్షరంనుంచి చదివింది. మందులు, మత్తు, పేగు రంగు, గుండీ కొలత, అన్నీ సరిగ్గా ఉన్నాయి. పూర్వ చరిత్ర అన్నచోటికి వచ్చి ఆగింది. గుమాస్తా తనకు అర్థమైనట్టు రాసుకున్నాడు:

"రోగి తండ్రి పరీక్ష చేసేటప్పుడు మాట్లాడేవారు కాదు. ఆయన చేతులు వెచ్చగా ఉండేవి. ఒక ఆవు చనిపోయింది. తరవాత రోగి నెల రోజులు తండ్రితో మాట్లాడలేదు. రోగి ఇప్పుడు అందుకు బాధపడుతోంది."

మేనకోడలు భుజం మీదుగా చదివి ఫక్కున నవ్వింది. "పిల్లికి ఎంత కథ అల్లాడు! ఉండు అత్తా, తీసేస్తాను."

డాక్టరమ్మ మేనకోడలి చెయ్యి పట్టుకుని ఆపింది. "తీసెయ్యకు. తప్పున్నచోట దిద్దుదాం. ముందు ఆ మామూలు సంగతి మార్చు. చెప్పనిదాన్ని చెప్పలేదనే రాయమను."

అది మార్చాక, కీబోర్డు తన ముందుకు లాక్కుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, రోగి అన్న మూడుచోట్లా డాక్టరు అని దిద్దింది. ఆవు చనిపోయిందన్న వాక్యం పక్కన, ముప్పై ఏళ్లుగా ఏ షీటులోనూ లేని కారణం రాసింది: "ఇనుపతీగ. అనుమానం ముందే ఉంది. చెప్పలేదు." దానికింద పిల్లి వివరం రాసింది: "గుండీ. అనుమానం ముందే ఉంది. చెప్పలేదు." రెండూ పైకి చదివి, మేనకోడలి చేత కూడా చదివించి, అప్పుడు సంతకం పెట్టింది.