కింది సొరుగులో ఫిర్యాదు

విశ్వవిద్యాలయంలో విద్యార్థి సహాయ కేంద్రం కింది అంతస్తులో, మెట్ల పక్కన ఉంటుంది. అక్కడ అద్దాల కిటికీ వెనక తొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్న ఆవిడను పిల్లలంతా కిటికీ అక్క అని పిలిచేవారు. హాస్టల్ గది మారాలంటే దరఖాస్తు ఎవరికివ్వాలి, చీకటి పడ్డాక ప్రయోగశాల నుంచి ఒంటరిగా రావడానికి భయమైతే తోడు పంపమని ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి, పరీక్ష పోయిందని ఇంట్లో చెప్పే ధైర్యం లేకపోతే ఏ డాక్టరమ్మ దగ్గర కూర్చుని ఏడవొచ్చు, అన్నీ ఆవిడకు నోటికొచ్చు. పై అంతస్తులో కూర్చునే అధికారిణిని అందరూ మేడమ్ అంటారు. ఫిర్యాదులన్నీ చివరికి చేరేది ఆ మేడమ్ బల్ల మీదికే. "మన దగ్గర నోరున్న నోటీసు బోర్డు ఉంది" అని ఆవిడ కిటికీ అక్కను చూపించి నవ్వేది.

ఒకరోజు మధ్యాహ్నం, భోజనాల వేళకు కాస్త ముందు, మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయి వచ్చింది. సంచీ పట్టీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది.

"అక్కా, ఎవరో తెలియకుండా ఫిర్యాదు ఇవ్వొచ్చా?"

"నీ పేరు తెలియకుండానా, వాడి పేరు తెలియకుండానా?"

"వాడెవడో నాకే తెలీదు."

"ఇవ్వొచ్చమ్మా. లోపలికి రా, కూర్చో. ముందు మంచినీళ్ళు తాగు."

అమ్మాయి కూర్చుంది. లైబ్రరీలో తను ముందుగా చెప్పి పక్కన పెట్టించుకున్న పుస్తకాల్లో చీటీలు వస్తున్నాయంది. మొదట్లో 'మీరు చాలా శ్రద్ధగా చదువుతారు' అని ఉండేదట. తరవాత 'నిన్నటి పసుపు రంగు మీకు బాగుంది' అని. కిందటి వారం వచ్చినది చదివాక నిద్ర పట్టడం లేదట. చివరి రెండు చీటీలను సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

రెండో చీటీలో ఇలా ఉంది: 'మీ గది కిటికీ రెక్క సరిగ్గా పడటం లేదు. బాగు చేయించుకోండి.'

"నా గది రెండో అంతస్తులో, వెనక వైపుంది అక్కా. అటు దారి కూడా లేదు. ఆ రెక్క పడదని నాకూ, నా పక్క మంచం అమ్మాయికీ తప్ప ఎవరికీ తెలీదు."

కిటికీ అక్క ఆ మాటలు సగమే విన్నది. ఆవిడ చూపు అక్షరాల దగ్గరే ఆగిపోయింది. 'ల' తోకను పైకి లాగి చిన్న ముడి వేసినట్టు తిప్పిన ఆ రాత ఆవిడకు తెలుసు. తన పద్నాలుగో ఏట, తల్లి పనికి పోతే, మూడేళ్ళ తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి దిద్దించిన 'ల' అది. ఆ ముడి నిజానికి తన రాతలోదే. వాడికి తననుంచే వచ్చింది.

తమ్ముడు లైబ్రరీలో పుస్తకాలిచ్చే బల్ల దగ్గర పనిచేస్తాడు. ఆ పని ఖాళీ ఉందని చెప్పి, ఆరేళ్ళ కిందట దరఖాస్తు రాయించింది తనే. పుస్తకం తీసుకునే పిల్లల కార్డు వాడి చేతికే వస్తుంది. పేరు, హాస్టల్, గది నంబరు అన్నీ అందులో ఉంటాయి.

"ఏమైందక్కా?" అంది అమ్మాయి.

"ఏం లేదమ్మా. రాసివ్వు, నేను చూసుకుంటాను" అంది. తొమ్మిదేళ్ళుగా అందరికీ చెప్పే మాటే. ఆ రోజు మాత్రం ఆ మాట చెబుతూ చీటీలను బోర్లించింది.

అమ్మాయి రాసిచ్చింది. ఆవిడ ముద్ర వేసి, అందినట్టు రసీదు చింపి ఇచ్చింది. మూడు రోజుల్లోగా ఫిర్యాదు పైకి వెళ్ళాలన్నది నియమం. అమ్మాయి గుమ్మం దాటాక కిటికీ అక్క లేచి మెట్ల దాకా వెళ్ళింది, ఆగింది, వెనక్కి వచ్చింది. ఆ కాగితాన్నీ చీటీలనూ కింది సొరుగులో, చేతులు తుడుచుకునే తువాలు కింద పెట్టి తాళం వేసింది. ముందు వాణ్ణి అడుగుదాం, ఏదో పొరపాటై ఉంటుంది అనుకుంది. అది పొరపాటు కాదని ఆ అనుకునే మనసుకే తెలుసు.

తమ్ముడు ఆవిడ ఇంటి మేడ మీది గదిలోనే ఉంటాడు. మర్నాడు పొద్దున్న గడ్డం గీసుకుంటుంటే వెళ్ళి నిలబడింది.

"లైబ్రరీ పుస్తకాల్లో చీటీలు పెడుతున్నది నువ్వేనా?"

అద్దంలోంచే చూశాడు. "ఎవరన్నారు?"

"నీ అక్షరాలే చెప్పాయి."

"నేనేం చేశానక్కా? బూతులేమైనా రాశానా? బాగా చదువుతావని రాశాను. కిటికీ పాడైందని చెప్పడం కూడా తప్పేనా?"

"ఆ కిటికీ సంగతి నీకెలా తెలిసిందిరా?"

వాడు నీళ్ళ చెంబు తీసుకుని మొహం కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు. తరవాత ఆవిడ చెయ్యి పట్టుకుని, "నీ మీద ఒట్టు, ఇంకెప్పుడూ చెయ్యను. ఉద్యోగం పోతుందక్కా" అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చిన్నప్పుడు పాలగిన్నె ఒలకబోసినప్పుడు కూడా ఇలాగే ఏడ్చేవాడు. ఆవిడ నమ్మింది. నమ్మాలనుకుంది కాబట్టి నమ్మింది.

భర్తకు చెబితే ఆయన తింటున్న చెయ్యి ఆపకుండా, "రెండు చీటీలే కదా, దానికింత గొడవెందుకు? పోనీ, నోటితో అన్నా బాగుండేది వెధవ" అన్నాడు. ఆవిడకు ఒళ్ళు మండింది. తీరా చూస్తే, నిన్నటి నుంచి తను మనసులో చెప్పుకుంటున్న మాటలు అవే. ఇంకొకరి నోట వింటే అవి ఎంత నీచంగా ఉన్నాయో తెలిసింది. అయినా సొరుగు తాళం తియ్యలేదు.

పన్నెండు రోజుల తరవాత అమ్మాయి మళ్ళీ వచ్చింది.

"ఫిర్యాదు ఏమైందక్కా?"

"పైన ఉందమ్మా. విచారణ జరుగుతోంది." అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆవిడకు ఇంతకు ముందు తెలియదు.

"చీటీలు ఆగిపోయాయి. మీరే ఏదో చేసుంటారు. వార్డెన్‌కి చెబితే నవ్వింది. మా క్లాసులో ఒకమ్మాయి 'అదృష్టవంతురాలివే' అంది. మీరొక్కరే కూర్చోబెట్టి విన్నారు. థాంక్స్ అక్కా."

ఆవిడ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. అమ్మాయి లేవబోతూ ఇంకో మాట చెప్పింది. ఇప్పుడు లైబ్రరీకి వెళ్ళడం మానేసిందట. రాత్రిళ్ళు మంచాన్ని కిటికీకి దూరంగా లాక్కుని పడుకుంటోందట. "అయినా ఎవరో మాకు తెలిసిపోయిందిలెండి. మా క్లాసు అబ్బాయే. నత్తి ఉన్నవాడు. ఎప్పుడూ లైబ్రరీలో నా ఎదుటి బల్ల దగ్గరే కూర్చుంటాడు. మా వాళ్ళు వాడితో మాట్లాడటం మానేశారు."

"వాడేనని... ఎలా తెలుసు?"

"ఇంకెవరుంటారు?"

వాడు కాదు అనడానికి రెండు మాటలు చాలు. వాటికి బదులు కిటికీ అక్క బల్ల మీది కాగితాలు సర్దింది. అమ్మాయి వెళ్ళిపోయింది.

ఇంకో వారానికి ఆ అబ్బాయే వచ్చాడు. పొడుగ్గా, భుజాలు ముందుకు వంచుకుని, కిటికీ ముందు నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయింది. వెనక వరసలో ఇద్దరు పిల్లలు గుసగుసలాడుకున్నారు. అతను చెప్పే ప్రయత్నం మానుకుని, జేబులోంచి మడిచిన కాగితం తీసి అద్దం కింది సందులోంచి లోపలికి తోశాడు. ముందే రాసుకుని వచ్చాడు.

'నేను ఎవరికీ చీటీలు రాయలేదు. నా మాట ఎవరూ వినడం లేదు. నేను చెప్పడం మొదలుపెట్టి ముగించేలోపు వెళ్ళిపోతున్నారు. నా నోటు పుస్తకాలన్నీ ఇస్తాను. దయచేసి నా చేతిరాతను ఆ చీటీలతో పోల్చి చూడండి. నిన్న భోజనశాలలో నేను కూర్చున్న బల్ల దగ్గర్నుంచి అందరూ లేచిపోయారు. ఇంటికి వెళ్ళిపోదామనిపిస్తోంది. ఇంకా ఏవేవో అనిపిస్తున్నాయి.'

చివరి వాక్యాన్ని ఆవిడ రెండు సార్లు చదివింది. అలాంటి మాట కనబడితే పిల్లల్ని ఒంటరిగా పంపకూడదని కొత్తగా చేరిన వాళ్ళకు నేర్పేది ఆవిడే. తలెత్తి చూసింది. అతను రెండు నోటు పుస్తకాలు పట్టుకుని, పోల్చి చూస్తారని నిలబడి ఉన్నాడు.

"లోపలికి రా నాయనా" అంది. లోపలి గదిలో కూర్చోబెట్టి, డాక్టరమ్మకు ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మంది. డాక్టరమ్మ వచ్చి అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేదాకా అక్కడే ఉంది. అప్పుడు తన బల్ల దగ్గరికి వెళ్ళి సొరుగు తాళం తీసింది.

మెట్లు ఇరవై రెండే. ఈసారి మధ్యలో ఆగలేదు.

మేడమ్ ఫిర్యాదునూ, అబ్బాయి రాసినదాన్నీ చదివింది. ఫిర్యాదు మీది తేదీ చూసింది. "పందొమ్మిది రోజులు" అంది.

"అవునండి."

"మర్చిపోయారా?"

మర్చిపోయానంటే సరిపోయేది. మేడమే దారి చూపించినట్టయింది. ఆవిడ ఒక్క క్షణం ఆ దారి వైపు చూసింది కూడా.

"లేదండి. దాచాను. ఆ రాత మా తమ్ముడిది. చూడగానే గుర్తుపట్టాను. వాడితో ఒట్టు వేయించుకుని ఊరుకున్నాను. ఆ అమ్మాయి అడిగితే విచారణ జరుగుతోందని అబద్ధం చెప్పాను."

మేడమ్ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. మేడమ్ తెల్ల కాగితం ఒకటి ముందుకు జరిపింది. "ఇప్పుడు చెప్పిందంతా రాయండి. మీ చేత్తోనే."

కిటికీ అక్క రాసింది. రాస్తుంటే ప్రతి 'ల' దగ్గరా ఆ ముడి పడుతూనే ఉంది. ఎంత వద్దనుకున్నా చెయ్యి అలాగే తిరిగింది. తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే లైబ్రరీలో తమ్ముడి అర తెరిచారు. లోపల చిన్న పుస్తకంలో ఇంకో నలుగురు అమ్మాయిల గది నంబర్లున్నాయి. ఎవరు ఏ వేళకు గదికి చేరతారో, ఎవరి దీపం ఎప్పుడు ఆరుతుందో, హాస్టల్ వెనక గోడ దూకి వెళ్ళి చూసినవన్నీ తేదీలతో సహా రాసుకున్నాడు. ఆఖరి తేదీ, అక్క మీద ఒట్టు వేసిన రోజుకు తొమ్మిది రోజుల తరవాతది. ఆ పుస్తకం చూపిస్తే కిటికీ అక్క ఆ తేదీలను వేలితో లెక్కపెట్టింది. రెండు చీటీలే కదా అనుకున్న పందొమ్మిది రోజుల్లో ఆ నలుగురు ఆ గదుల్లోనే పడుకున్నారు.

తమ్ముణ్ణి పనిలోంచి తీసేశారు, కేసు పెట్టారు. పోలీసులు తీసుకెళ్తుంటే, "నువ్వసలు అక్కవేనా?" అని అరిచాడు. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. భర్త వారం రోజులు మాట్లాడలేదు. ఆఫీసులో నోటు పుస్తకాలు కుట్టే ముసలాయన ఎవరితోనో, "కంచే చేను మేస్తే ఇక చెప్పేదేముంది" అంటుంటే ఆవిడ గోడ పక్కనుంచి విని, ఆ దారిన పోకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది.

విచారణ రోజున అమ్మాయిని, ఆ అబ్బాయిని కూడా పిలిచారు. అబ్బాయి చీటీలు రాయలేదని అంతకు ముందే క్లాసులో చదివి వినిపించారు. విచారణ గదిలోకి వచ్చాక అమ్మాయి మొదట అతని వైపు తిరిగి, "నన్ను క్షమించు" అంది. అతను తలూపాడు. ఏదో చెప్పబోతే ఈసారి అందరూ ఆగారు. మాట పూర్తయ్యేదాకా ఎవరూ కదల్లేదు. "ప-ప-పర్వాలేదని చెప్పలేను" అన్నాడు. "కానీ విన్నాను."

తరవాత అమ్మాయి కిటికీ అక్క వైపు తిరిగింది.

"నేను థాంక్స్ చెబుతుంటే ఎలా విన్నారక్కా?"

ఆవిడ నోరు తెరిచింది. క్షమించమ్మా అనడానికి మొహం చెల్లలేదు. చెబితే ఆ పిల్ల మీద ఇంకో బరువు పెట్టినట్టే అవుతుంది. క్షమించాలా వద్దా అని అదే మళ్ళీ ఆలోచించుకోవాలి.

"సిగ్గుతో విన్నాను" అంది చివరికి. "సిగ్గుపడుతూ కూడా ఊరుకున్నాను. తప్పంతా అదే."

అమ్మాయి తల పక్కకు తిప్పుకుంది.

ఆవిడ ఉద్యోగం పోలేదు గానీ, జీతం ఒక మెట్టు తగ్గించి పాత కాగితాలు భద్రపరిచే గదికి మార్చారు. అక్కడికి విద్యార్థులు రారు. సహాయ కేంద్రంలో ఇప్పుడు ఏ ఫిర్యాదునైనా ఇద్దరు కలిసి తీసుకోవాలని, అదే గంటలో పైకి పంపాలని నియమం పెట్టారు. కొత్తగా వచ్చిన అమ్మాయికి పని నేర్పమని మేడమ్ ఆవిడనే రెండు రోజులు పిలిచింది. ఎందుకు మార్చారని ఆ కొత్తమ్మాయి అడిగితే, దాచకుండా మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. "తెలిసినవాళ్ళ రాత కనబడిందనుకో, కాగితం ముట్టుకోకు. కుర్చీలోంచి లేచిపోయి మేడమ్‌ని కేకెయ్యి. ఒక్క నిమిషం కూర్చున్నావా, ఇక లేవలేవు" అంది. కొత్తమ్మాయి తన వైపు చూసిన చూపును ఆవిడ తల దించకుండా భరించింది.

పరీక్షలు ముగిసిన రోజు మధ్యాహ్నం ఆవిడ ఇంటికి వెళ్ళే బస్సెక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుంది. బస్సు కదలడానికి ఇంకా టైముంది. ముందు తలుపు దగ్గర నవ్వులు వినబడ్డాయి. ఆ అమ్మాయి, ఇద్దరు స్నేహితులతో మెట్టు మీద కాలు పెట్టింది. చేతిలో లైబ్రరీ పుస్తకాలు. లోపలికి చూసి, ఆవిణ్ణి గమనించి, అక్కడే ఆగింది. నవ్వు ఆగింది. వెనకున్న వాళ్ళు "ఎక్కవే" అంటున్నారు.

ఆవిడ సంచీ తీసుకుని లేచింది. వెనక తలుపులోంచి దిగి, ఎండలో పక్కకు వెళ్ళి నిలబడింది. బస్సు వెళ్ళిపోయింది. తరవాతి బస్సు ముప్పావుగంటకు గానీ లేదు. ఆవిడ నడక మొదలుపెట్టింది.