అచ్చమ్మ ఒడిబియ్యం

అచియెంగ్ అనే పేరు శివమ్మకు ఎన్నడూ నోరు తిరగలేదు. మొదటి రోజే "అచ్చమ్మా" అని పిలిచింది, అదే ఖాయమైపోయింది. విమానం దిగినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గలగలమనే గల్లీ అది. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు గోడకు దగ్గర. అందులో శివమ్మది రెండంతస్తుల ఇల్లు. పై గదిలో కెన్యా నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చిన అచియెంగ్ ఉంటుంది. కింది వాటాలో భాగ్యలక్ష్మి, క్యాబ్ నడిపే భర్త ఉపేందర్, వాళ్ల ఏడు నెలల పాప.

అచియెంగ్ వచ్చిన కొత్తలో, ఆమె మెట్లు దిగుతుంటే భాగ్యలక్ష్మి పాపను కొంగుచాటున దాచుకునేది. గల్లీలో అందరూ అట్లాగే చేశారు, తనూ చేసింది. ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే అచియెంగ్ ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. నాలుగేళ్ల పిల్ల, రెండు జడలు, ముందు పన్ను ఊడింది. "నా బిడ్డ. మా ఆయన, మా అమ్మ చూసుకుంటున్నారు," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించింది భాగ్యలక్ష్మికి బాగా తెలిసినదే. మరునాటి నుంచి దాచుకోవడం మానేసింది.

పాపకు పళ్లొస్తున్న రోజులు. రెండు రోజులుగా ఇంట్లో ఎవరికీ కునుకు లేదు. ఆదివారం పొద్దున అచియెంగ్ కిందికి దిగివచ్చి, పాపను వీపు మీద వేసుకుని, పెద్ద పూల గుడ్డతో గట్టిగా కట్టుకుంది. "నువ్వు పడుకో. నేను పాలు తెస్తా," అంది. పాప రెండు నిమిషాల్లో ఏడుపు ఆపింది. భాగ్యలక్ష్మి గోడకు ఒరిగి, ఒరిగినట్టే నిద్రపోయింది.

కేకలకు మెలకువ వచ్చింది.

ఆ వారమంతా ఫోన్లలో ఒక వీడియో తిరుగుతోంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని, అందులో ఉన్నది ఆఫ్రికా వాళ్లేనని. ఎక్కడిదో ఎప్పటిదో ఎవరూ అడగలేదు. పాల దుకాణం పక్కన మొబైల్ షాపు నడిపే హరిప్రసాద్, అచియెంగ్ వీపు మీద పాప ఉండగా వెనుక నుంచి ఫొటో తీసి గల్లీ గ్రూపులో పెట్టాడు. "దొరికింది. జల్ది రాండ్రి" అని రాశాడు. ఆ ఊళ్లో పిల్లను ఎవరైనా చంకనేసుకుంటారు. గుడ్డలో మూటగట్టి వీపున వేసుకున్నారంటే వాళ్లకు ఒకటే అర్థం తోచింది.

భాగ్యలక్ష్మి చెప్పులు లేకుండా పరుగెత్తింది. దుకాణం ముందు నలభై మంది దాకా ఉన్నారు. కింద పాల ప్యాకెట్లు పగిలి ఉన్నాయి. మధ్యలో అచియెంగ్ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. అంతలో మొదటి రాయి నుదుటికి తగలగానే ఆమె చేసిన పని ఒక్కటే. గుడ్డను తిప్పి పాపను ముందుకు తెచ్చుకుంది. వీపును జనానికి ఇచ్చి, పాప మీద గొడుగులా వంగింది. దెబ్బలన్నీ ఆ వీపు మీదే పడుతున్నాయి.

"ఆ పిల్ల నా బిడ్డ! నేనే ఇచ్చిన!" అని అరిచింది భాగ్యలక్ష్మి.

"ఏందక్కా, నీకేమన్న మందు పెట్టిందా?" అన్నాడు హరిప్రసాద్. "గిట్లనే చేస్తరట. తల్లులకు మత్తు జల్లి పిల్లల్ని పట్కపోతరట."

"పండ్లొస్తున్నయని ఎత్తుకున్నదన్నా. పాలకు వచ్చింది."

"చూడు, కండ్లు ఎట్ల ఎర్రగున్నయో. మందే పెట్టింది," అన్నాడెవరో వెనుక నుంచి.

"నిద్రలేక ఎర్రగున్నయిరా!" అంది ఆమె. ఎవరూ వినలేదు. ఎవరో ఆమె భుజం పట్టి పక్కకు లాగారు. ఉపేందర్‌కు ఫోన్ చేస్తే, ఎయిర్‌పోర్టు లోపల ఉన్నాడు. "నువ్వు జరుగు, నీకు దెబ్బ తగుల్తది. నేనొస్తున్న," అన్నాడు.

అప్పుడు వచ్చింది శివమ్మ. చేతిలో చేట. చేట నిండా పసుపు కలిపిన బియ్యం, మీద రెండు ఎండుకొబ్బరి కుడుకలు, ఒక జాకెట్టు గుడ్డ. జనాన్ని తోసుకుంటూ రాలేదు. "జర జరుగుండ్రి బిడ్డా, బియ్యం ఒలుకుతయి," అంటూ వచ్చింది. పసుపు బియ్యం కింద పడటం ఎవరికీ ఇష్టం ఉండదు. దారి ఇచ్చారు.

ఆమె అచియెంగ్ పక్కన నేల మీద కూర్చుంది. "అచ్చమ్మా, పిల్లనియ్యి."

అచియెంగ్ తల ఎత్తింది. రక్తం కనుబొమ్మ మీదుగా కారుతోంది. శివమ్మ ముఖం చూసి, గుడ్డ ముడి విప్పి, పాపను ఆమె ఒడిలో పెట్టింది. "పాప బాగుంది. దెబ్బ లేదు," అంది.

శివమ్మ చుట్టూ చూసి గట్టిగా అంది: "మా ఇంటి ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తున్న. మొగుడున్న పిల్ల, బిడ్డతల్లి. నేను విధవను, నా చెయ్యి పనికిరాదు. ఐదుగురు ముత్తైదులు కావాలె. రాండ్రమ్మా."

ఒడిబియ్యం అంటే ఏమిటో అక్కడున్న మగవాళ్లందరికీ తెలుసు. పెళ్లయిన అక్కచెల్లెళ్లకు తల్లిగారింట్లో ముత్తైదువలు ఒడిలో పోస్తారు. పోసిన ఇల్లు ఆమెకు పుట్టిల్లు, ఆ ఇంటి మగవాళ్లు ఆమెకు తోబుట్టువులు.

"ముసల్దానికి పిచ్చిలేసింది," అన్నాడొకడు. నవ్వు మాత్రం రాలేదు.

భాగ్యలక్ష్మి తన భుజం పట్టుకున్నవాడి చెయ్యి విదిలించుకుని ముందుకు నడిచింది. అచియెంగ్‌కు అర్థమయ్యేలా, పాప లేని ఆ పూల గుడ్డను ఒడిలా పట్టించింది. రెండు దోసిళ్లతో ఐదుసార్లు బియ్యం పోసింది.

"ఒక్కరు," అంది శివమ్మ.

కాసేపు ఎవరూ రాలేదు. భాగ్యలక్ష్మికి ఆ కాసేపు చాలా పొడుగనిపించింది. మూడో ఇంటి మేడ మీద నుంచి ఇడ్లీ బండి సంతోషి దిగివచ్చింది, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ. ఆమె వెనుక అమృతమ్మ, ఆమె కోడలు. కోడలు భయంతో సగం బియ్యం బయటే పోసింది. "ఒడిల పొయ్యవే, కోళ్లకు కాదు," అని అమృతమ్మ కసిరింది. జనంలో ఎవరో అనుకోకుండా కిసుక్కుమన్నారు.

"నలుగురు. ఇంకొక్కరు గావాలె."

మొబైల్ షాపు షట్టరు పక్క నుంచి ఒకామె కదిలింది. హరిప్రసాద్ భార్య మనీషా.

"ఏయ్, యాడికి?" అన్నాడు హరిప్రసాద్.

"కనబడ్తలేదా?" అని ఆమె ఆగకుండా నడిచింది.

ఆమె బియ్యం పోస్తున్నంతసేపూ మిగిలిన నలుగురూ అచియెంగ్ చుట్టూ నిలబడ్డారు. ఇప్పుడు రాయి వేస్తే తగిలేది వాళ్ల ఇళ్ల ఆడవాళ్లకే. ముందు వరుసలో ఉన్న కుర్రవాడు చేతిలోని కట్టెను కాలి పక్కకు జారవిడిచాడు. వెనుక ఉన్నవాళ్లు ఫోన్లు చూసుకుంటూ కదిలిపోయారు. పోలీసు జీపు వచ్చేసరికి పది మంది కూడా లేరు.

దవాఖానలో నుదుటికి ఏడు కుట్లు పడ్డాయి. వీపంతా కమిలిపోయింది.

మరునాడు సాయంత్రం హరిప్రసాద్ శివమ్మ గడపలోకి వచ్చాడు. భాగ్యలక్ష్మి అక్కడే కూర్చుని ఉంది. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఆమె ఫిర్యాదు రాస్తున్నదట. నా పేరుందట. జర ఆమెకు మీరు చెప్పుండ్రి. తప్పయింది."

"ఆమెకు చెప్పినవా తప్పయిందని?"

హరిప్రసాద్ గొంతు తగ్గించాడు: "మీరే గద ఆడబిడ్డని చేసిన్రు. ఇంటి ఆడబిడ్డ ఇంటోళ్ల మీద కేసు పెడ్తదా?"

శివమ్మ గొంతులో కోపం కూడా లేదు.

"పిచ్చోడా! ఆడబిడ్డను కొడితే ఠాణాకు తోల్కపోయేది ఎవరు? తల్లిగారోళ్లే గద," అంది. లేచి, దండెం మీది మంచి చీర తీసుకుంది.

భాగ్యలక్ష్మి భర్త వైపు చూసింది. ఉపేందర్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నిన్నటి గుంపులో అతని క్యాబ్ దోస్తులు ఇద్దరున్నారు. "నువ్వు సాక్ష్యం చెప్తే నాకు స్టాండ్ల పరేషానైతది," అని రాత్రే అన్నాడు.

పుట్టిన ఈ ఇరవై నాలుగేళ్లలో, నిన్నటి కేకలు తప్ప, భాగ్యలక్ష్మి నలుగురిలో మాట్లాడింది లేదు. బడిలో కూడా చివరి బల్లే. శివమ్మ కుచ్చిళ్లు పెట్టుకోవడం చూస్తూ, ఈ ముసలామెకు భయం లేదా అనుకుంది. కుచ్చిళ్లు దోపుతున్న ఆ వేళ్లు సన్నగా వణుకుతూనే ఉన్నాయి. ఉంది భయం. ఉన్నా నిన్న చేట పట్టుకుని వచ్చింది.

"పిల్లను జర చూస్తుండు," అని పాపను ఉపేందర్ చేతుల్లో పెట్టింది భాగ్యలక్ష్మి. "నేను చూసింది నేనే చెప్పాలె."

అతను ఏదో అనబోయాడు. పాప అతని చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంది. పై గది నుంచి అచియెంగ్ దిగివచ్చాక, ముగ్గురు ఆడవాళ్లూ ఠాణాకు ఆటో ఎక్కారు. అచియెంగ్ వీపు సీటుకు తగలకుండా, మిగిలిన ఇద్దరూ ఆమెను చెరోవైపు పట్టుకుని కూర్చున్నారు.