కొట్టేసిన మాటలు

చెల్లెలు సంచి సర్దుతుంటే నేను మంచం పక్కనే నిలబడి ఒక్కొక్క వస్తువూ చూశాను.

"ఏమే, ఎండలు ముదురుతుంటే ఉన్ని శాలువా ఎందుకే?"

"నిన్ను రైల్వే స్టేషన్లో తనిఖీకి పెట్టాలక్కా. దొంగలందరూ వృత్తి మానేస్తారు" అంది, నా వైపు చూడకుండానే.

తను కళ్లాసుపత్రిలో రికార్డుల గుమాస్తా. వేరే ఊళ్లో కొత్త ఆసుపత్రి తెరిచారని, అక్కడివాళ్లకు పని నేర్పడానికి ఆరు వారాలు వెళ్లి రావాలని చెప్పింది. మా అమ్మ కూడా వైద్యానికని, రెండు రోజుల్లో వస్తానని చెప్పి ఇలాగే సంచి సర్దుకుంది, మళ్లీ రాలేదు. అప్పటినుంచీ నాకు మాట చాలదు, కాగితం కావాలి. అడిగాను. నాలుగు రోజుల తర్వాత, ఆసుపత్రికి తను రాసిచ్చిన అంగీకార పత్రమని తెచ్చి చూపించింది. 'ఆరు వారాల పాటు' అని అచ్చులో ఉంది. రెండుసార్లు చదువుకుని తిరిగి ఇచ్చాను.

ఫోనులో మాట్లాడుకుంటే నాకు ఏడుపు, తనకు విసుగు. అందుకని ఇద్దరికీ కలిపి ఒకే ఫైలు పెట్టుకుందామంది. పొద్దున నేను రాసి పంపాలి, దాని కిందే తను సాయంత్రం రాసి తిప్పి పంపాలి. కానీ ఇంట్లో కంప్యూటర్లో ఉన్న ఆఫీసు సాఫ్ట్‌వేర్ గడువు తీరిపోయింది. చదవనిస్తుంది, రాయనివ్వదు. తన ఆసుపత్రిలో వాడేదానితో పొసగేది మరొకటి వేయించాలి. అది కుదరకపోతే మా మధ్య ఇక ఏమీ ఉండదని నాకు భయం.

రిపేరుకు వచ్చే పెద్దమనిషిని మేము పర్లేదుగారు అంటాం. ఏం చెడిపోయినా ఆయన మొదట అనేది ఆ మాటే. ఆయన వచ్చేసరికి చెల్లెలు సంచికి తాళం కొనడానికి బజారుకు వెళ్లింది.

"పర్లేదండీ. ఉచితంగా వచ్చేవి రెండున్నాయి. ఏది నప్పుతుందో చూద్దాం. వాళ్ల ఆసుపత్రిలో చేసిన ఫైలేదైనా ఉందా?"

బల్ల మీద చెల్లెలి పెన్‌డ్రైవ్ ఉంటే ఇచ్చాను. ఆయన పైనున్న ఫైలు తెరిచాడు. మొదటి సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులన్నీ ఊడి పక్కకు పడ్డాయి. సగం పేజీ ఖాళీ డబ్బాలే.

"దీనికి పక్షవాతం వచ్చినట్టుందే!" అన్నాను.

"దీన్ని తీసేద్దాం లెండి."

రెండోది వేశాడు. అక్షరాలు చక్కగా నిలబడ్డాయి. నాకు చూపించిన కాగితమే అది. కానీ దాని నిండా ఎర్ర రంగు. కొన్ని మాటల మీద అడ్డగీత, కొన్నిటి కింద గీత.

"పర్లేదండీ, అవి దిద్దుబాట్లు. ఆసుపత్రి రికార్డుల్లో ఏదీ చెరపకూడదు కదా, అందుకని వాళ్ల కంప్యూటర్లన్నీ కొట్టేసిన మాటను కూడా దాచిపెడతాయి. వాళ్లకు తెర మీద కనబడవు. ఇది చూపించేస్తోంది."

ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. నేను చదివాను. 'ఆరు వారాల పాటు' అన్నచోట, అడ్డగీత కింద 'శాశ్వతంగా' అని ఉంది. ఇంకో రెండు వరుసల కింద ఒక వాక్యం మొత్తం కొట్టేసి ఉంది: 'ఇంట్లో నా మీద ఆధారపడినవారు ఎవరూ లేరు.' పక్కన దిద్దిన తేదీ కూడా ఉంది. నేను కాగితం అడిగిన మర్నాడు.

ఆసుపత్రికి ఇచ్చింది ఒకటి, నాకోసం దిద్దింది ఇంకొకటి.

"ఈ ఎరుపు వద్దంటే ఇక్కడ నొక్కితే పోతుందమ్మా."

"ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదండీ. కనబడదు, అంతే."

"ఉండనివ్వండి."

ఆయన ఫైలు మూసేశాక చెల్లెలు తాళం ఊపుకుంటూ వచ్చింది. "ఏమైంది? దొరికిందా?"

"పర్లేదుట" అన్నాను. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. అడగడానికి నోటిదాకా వచ్చింది. అడిగితే ఆ పూటే వెళ్లిపోతుందనిపించి మింగేశాను.

మర్నాడు వెళ్లింది. మొదటి సాయంత్రమే ఫైలు తిరిగి వచ్చింది. 'గది బాగుంది, కిటికీ పెద్దది' అని నల్లటి అక్షరాల్లో. దాని పక్కనే ఎర్రగీత కింద 'ఇక్కడ ఎవరూ గుమ్మంలో నిలబడి నాకోసం చూడరు' అని. అది కొట్టేశానని తను అనుకుంటోంది.

అప్పటినుంచి పొద్దుటి కాఫీ చల్లారిపోయేదాకా తెర ముందే కూర్చునేదాన్ని. నల్లటి అక్షరాలు రాసేది మా చెల్లెలు. ఎర్రగీతల కింద ఉన్నది ఎవరో నాకు తెలియదు. ఇల్లు ఊడుస్తుంటే ఆ రెండో ఆమె గొంతు వినబడేది. కూర తరుగుతుంటే వెనక నిలబడినట్టుండేది. చెల్లెలి గది తలుపు తీసి చూస్తే మంచం మీద దుప్పటి ముడత లేకుండా ఉండేది.

నాలుగో వారం 'అక్కా, నీ మోకాలు ఎలా ఉంది' అని రాసింది. కొట్టేసిన మాటలు: 'అక్కా, నాకు యాభై రెండేళ్లు. ఎప్పుడొస్తావని ఇంక అడక్కు.'

నేను అంతవరకూ రోజూ అదే అడుగుతున్నాను. ఆ రోజు కూడా 'ఎప్పుడొస్తావు' అని టైపు చేసి, కొట్టేసి, 'మోకాలు నయం' అని పంపాను. నేను చెరిపింది తనకు కనబడదు. కనబడితే బాగుండుననిపించింది.

ఆరో వారం 'పని పెరిగింది, కొన్నాళ్లు ఆలస్యమవుతుంది' అని వచ్చింది. ఆ ఫైలులో ఒక్క ఎర్రగీత కూడా లేదు. మొదటిసారే అలా రాసేసింది.

'సరేనమ్మా, ఒంట్లో జాగ్రత్త' అని రాసి పంపాను.

మా చెల్లెలు రెండు వేల పది, ఫిబ్రవరి ఇరవై రెండు, సోమవారం ఉదయం వెళ్లింది. ఏప్రిల్ ఐదున రావాలి. ఆ రోజు రాలేదు, తర్వాత ఎప్పుడూ రాలేదు.