అడుగున నిలిచిన గాలి

రాజ్‌కోట్‌లో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే కొనేవాడూ ఉండడు, అమ్మేవాడూ ఉండడు. ఊరు ఊరంతా నడుం వాలుస్తుంది. వీధులు ఖాళీగా ఉంటే బండి తిరగడం సులువని, గ్యాస్ సిలిండర్ల వ్యాపారి మావజీ ఆ వేళకే ఖాళీ సిలిండర్ల కోసం వచ్చాడు.

పాల ట్యాంకులు చేసే ఖోడా తన షెడ్డు షట్టరు దించుతున్నాడు.

"ఇప్పుడా కాకా? దేవుడి గుడికే తలుపులేసే వేళ!"

"మీ వెల్డరు లాల్జీ ఏడీ?"

"ఇప్పుడే కొత్త ట్యాంకులోకి దిగి పడుకున్నాడు. స్టీలు కదా, చల్లగా ఉంటుందట. మహారాజు పడక!"

లాల్జీకి అన్న అయిన కర్సన్ పక్కనే చేతులు కడుక్కుంటూ నవ్వాడు. మావజీ నవ్వబోయి ఆగాడు. ఎక్కడో సన్నగా బుస్సుమంటోంది. వెల్డింగుకి వాడే ఆర్గాన్ సిలిండరు మీటరు ముల్లు ఇంకా పైనే ఉంది. దాని గొట్టం నిచ్చెన పక్కగా ట్యాంకులోకి దిగి ఉంది.

"గ్యాసు కట్టెయ్యలేదా?"

"లోపలి అతుకు నల్లబడకుండా వదిలాం," అన్నాడు ఖోడా. "మరిచిపోయినట్టున్నాడు. అయితే ఏం? మనం పీల్చే గాలిలోనే నూటికి ఒక పాలు ఉంటుంది, మండదు, వాసన లేదు, దేంతోనూ కలవదు, పసిపిల్లకన్నా సాధువు అని నువ్వేగా అమ్మావు!"

అవును, మావజీ అలా చెప్పే అమ్మాడు. అన్ని మాటలూ నిజమే. చెప్పకుండా మిగిల్చిన మాట ఒక్కటే: గాలికన్నా బరువు. అది అడుగున నీళ్ళలా నిలిచి, మంచి గాలిని పైకి నెట్టేస్తుంది.

మావజీ సిలిండరు కట్టేసి నిచ్చెనెక్కి తొంగిచూశాడు. లాల్జీ వెల్లకిలా ఉన్నాడు. పెదాలు నేరేడుపండు రంగు.

"నిద్ర కాదురా అది!"

కర్సన్ అవతలి నిచ్చెనెక్కి లోపలికి కాలేశాడు. మావజీ వంగి అతని చొక్కా పట్టుకున్నాడు.

"వదులు కాకా! నా తమ్ముడు!"

"ఇప్పుడు పోయేది ఒక్కడు. నువ్వు దిగితే ఇద్దరు. ఆ లెక్క నేను ఒప్పుకోను! ఖోడా, కంప్రెసరు గాలి గొట్టం ఇటు విసురు! అడుగు తూముకి వేసిన టేపు పీకెయ్!"

టేపు చిరిగింది. తూములోంచి ఏదీ కనపడలేదు, ఏదీ వినపడలేదు. గ్యాసు బయటికి పోతోందో లేదో ఎలా తెలుస్తుంది? మావజీ గాలి గొట్టం లాల్జీ ముఖం మీదికి దించాడు. జుట్టు ఎగిరింది. ఛాతీ ఎగరలేదు.

మంచి గాలి ఎక్కడిదాకా ఉందో చూడడానికి ఖోడా దేవుడి పటం ముందు దీపాన్ని తీగకు కట్టి అందించాడు. సగం లోతుకి దిగగానే దీపం ఆరిపోయింది.

"చచ్చిపోతున్నాడు కాకా!" కర్సన్ ఏడుపు.

"ఆగు." ఆ మాట మావజీ తనకే చెప్పుకున్నాడు. ఈ బేరంలో తొందరపడితే తిరిగి కొనేదేమీ ఉండదు.

మళ్ళీ వెలిగించారు. ఈసారి మోకాలి ఎత్తులో ఆరింది. మళ్ళీ. అడుగుదాకా దిగి, గాలి విసురుకు ఒరిగి, వెలుగుతూనే నిలిచింది.

"దిగు!"

కర్సన్ దూకినంత పని చేశాడు. నడుముకి తాడు కట్టి లాల్జీని పైకి లాగారు. నేలమీద పడుకోబెట్టి మావజీ నోట్లో నోరు పెట్టి ఊదాడు. ఒకసారి. మరోసారి. ఇంకా.

లాల్జీ దగ్గాడు. కర్సన్ అతని చెంపలు వాయించాడు.

"నేనెవర్నిరా? చెప్పు, నేనెవర్ని?"

లాల్జీ ఒక కన్ను తెరిచాడు.

"చెవిలో అరవకురా, గాడిదా."

"బతికాడు!" అని ఖోడా కూలబడ్డాడు.

"బతికాడో లేదో డాక్టరు చెప్తాడు, బండెక్కించండి," అన్నాడు మావజీ. బండిలో తాళంచెవి పెట్టబోతే కన్నం దొరకలేదు.